పేరు రాయని పట్టీలు

ఆరు నెలల్లో నేను రాసిన నాలుగో ఫిర్యాదు అది. "ఇసిజి మెషీన్ గీత తప్పుగా గీస్తోంది, వెంటనే చూడగలరు" అని రాసి, 'వెంటనే' అన్న మాట కింద రెండు గీతలు కూడా కొట్టాను. అంతకుముందు మూడుసార్లూ వచ్చి, వైర్లు మార్చి, ఛాతీకి పెట్టే రబ్బరు బుడ్డీలు మార్చి, చేతులు దులుపుకుని పోయిన మెకానిక్ ఈసారి సబ్బు పెట్టె అంత డబ్బా ఒకటి పట్టుకుని దిగాడు. అది చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఏంటది?" అన్నాను.

"దొంగ గుండె మేడమ్" అన్నాడు నవ్వుతూ. "దీనికి మనిషితో పనిలేదు. నిమిషానికి డెబ్బై సార్లు, ఒక్క తప్పు లేకుండా కొట్టుకుంటుంది. మీ మెషీన్ దీన్ని సరిగ్గా గీసిందా, బాగున్నట్టు. గీయలేదా, ఇవాళే మూట కట్టి పట్టుకుపోతా."

వైర్లన్నీ ఆ డబ్బాకి తగిలించాడు. ఇవాళ దొరికాడులే అనుకుంటూ నేను నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను. కాగితం బయటికి రావడం మొదలైంది. చిన్న బుడిపె, నిటారుగా ఒక సూది, ఆ తర్వాత గుండ్రంగా ఒక గుట్ట. మళ్లీ బుడిపె, సూది, గుట్ట. ఏ వరసలో ఎలా రావాలో ఆ వరసలో అలా వచ్చింది. పాఠం చెప్పుకోవడానికి గోడకి అంటించుకోవచ్చు.

"మెషీన్‌కి ఏ రోగమూ లేదు మేడమ్" అన్నాడు కాగితం చింపి నా చేతికిస్తూ. "ఇంతకీ మీరు రోజూ పొద్దున్నే దీన్ని ఎవరిమీద పెట్టి చూస్తున్నారు?"

"మామీదే."

డబ్బా మూస్తున్న చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు. అంతసేపూ వేళాకోళంగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా మర్యాదస్తుడైపోయి, సంతకం పెట్టించుకుని, "ఆరోగ్యం చూసుకోండి మేడమ్" అని, వెళ్తూ వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. మూడుసార్లు ఆ తలుపుని ధడాలున వేసి పోయినవాడే. అంత నెమ్మదిగా వేసేసరికి నాకు భయం వేసింది.

మా పద్ధతి గురించి చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. ఆసుపత్రి కింది అంతస్తులో, నడవా చివర, కిటికీ లేని గది మాది. ఒక మంచం, ఒక తెర, చక్రాల బల్ల మీద మెషీన్, చెయ్యి కడుక్కునే తొట్టి. పేషంట్లు వచ్చే ముందు మెషీన్ సరిగా పని చేస్తోందో లేదో చూసుకోవాలి. దానికి ఎవరో ఒకరు మంచం మీద పడుకోవాలి. పదిహేడేళ్లుగా ఆ పడుకునేది ఇద్దరమే. గీత తీసే నేను, పేషంట్లని పడుకోబెట్టి లేపే ఆయా.

ఆమెను ఆసుపత్రంతా పెద్దక్క అంటుంది. యాభై ఆరేళ్లుంటాయి, నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. చదువు రాదు గానీ పదిహేడేళ్లు చూసీ చూసీ గీతల ఆకారాలు ఆమెకు కొట్టినపిండి. బుడిపె, సూది, గుట్ట అన్న పేర్లు పెట్టిందీ ఆమే. వాటికి నేను చదువుకున్న పేర్లు వేరే ఉన్నాయి, మా గదిలో అవి ఎవరికీ పట్టవు.

ఏ రోజు ఎవరు పడుకోవాలని నియమమేమీ లేదు. ఎవరి కాళ్లు ఎక్కువ పీకుతుంటే వాళ్లు. పొద్దున్నే ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోవడమంటే మా ఉద్యోగంలో అదొక భోగం, దానికోసం రోజూ చిన్న తగువు పడేవాళ్లం. "నిన్న నువ్వే కదే, ఇవాళ నేను" అని ఆమె, "నువ్వు మొన్నా నిన్నా కూడా పడుకున్నావు, లెక్క తెలియదనుకోకు" అని నేను. వచ్చిన కాగితంలో ఛాతీ ఎడమవైపు గీతని వేలెడంత కత్తిరించి ఒక పొడుగు పుస్తకంలో అంటిస్తాను. కింద తారీఖు వేసి, 'సరిగా ఉంది' అని రాసి, సంతకం పెడతాను. ఎవరి గీతో రాయను. పరీక్ష మెషీన్‌కి కదా, మాకు కాదుగా. ఇన్నేళ్లలో ఆ పట్టీలను ఒక మనిషి గుండెగా నేను ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. గీత వణకకుండా ఉందా, సూది ఎత్తు సరిపోయిందా, అంతే.

ఆరు నెలల కింద ఒక పొద్దున గుట్ట కాస్త చదునుగా వచ్చింది. వైరు అనుకున్నాను. వారం తర్వాత గుట్ట లేనే లేదు. బుడ్డీలో జిగురు ఎండిపోయిందనుకున్నాను. ఆ తర్వాత గుట్ట తిరగబడి గుంటలా కిందికి దిగింది. ఇక మెషీన్ పాడైందని ఫిర్యాదు రాశాను. పేషంట్ల గీతలు బాగానే వస్తున్నాయి కదా, పొద్దున మాత్రమే ఎందుకు పాడవుతోంది అన్న ప్రశ్న నా బుర్రకి తట్టలేదు. తట్టిందేమో, పొద్దున మెషీన్ ఇంకా వేడెక్కలేదని సర్ది చెప్పుకున్నాను. ఎంత తెలివో చూడండి.

మెకానిక్ పోయాక తలుపు గడియ పెట్టి ఆ పుస్తకం తెరిచాను. తొందరలో పేజీలు రెండేసి తిరిగాయి. మొదట్లో చెడు పట్టీ వారానికి ఒకటో రెండో. తర్వాత రోజు విడిచి రోజు. కిందటి నెల నుంచి నిన్నటి వరకూ మంచి పట్టీ ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఆ పట్టీల కింద వరసగా 'సరిగా లేదు, మెషీన్ చూపించాలి' అని నా దస్తూరి. అవతల మంచం మీద మనిషి పడుకుని ఉంటే నేను మెషీన్‌కి వైద్యం చేయించాను.

నాకు మొదట వచ్చిన ఆలోచన దాచను. దాచి ఎవరిని మోసం చెయ్యాలి? 'అది పెద్దక్కది కావాలి' అనుకున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నట్టు, రెండు చేతులూ ఆ పుస్తకం మీద పెట్టి అనుకున్నాను. ఆ వెంటనే లెక్కలు కూడా కట్టాను. నెల రోజులుగా మంచి పట్టీ లేదంటే, నెల రోజులుగా రోజూ ఆమే పడుకుందన్నమాట. అవును, ఈమధ్య అలిసిపోతున్నానని ఆమే అంటోంది కదా. రోజూ ఆమే పడుకుని ఉంటుంది. నిన్న ఎవరు పడుకున్నాం? మొన్న? గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని నేను పట్టుబట్టలేదు.

ఎందుకంటే నాకూ కారణాలున్నాయి. రెండేళ్లుగా బయట చేరడం ఆగిపోయింది. అప్పటినుంచి ఉన్నట్టుండి నడినెత్తి నుంచి ఆవిరి కమ్ముకొస్తుంది. రాత్రిళ్లు మా ఆయన ఒక పక్క రగ్గు కప్పుకుని ముడుచుకుంటాడు, నేను ఇంకో పక్క ఫ్యాను కింద తడిగుడ్డ వేసుకుని పడుకుంటాను. ఒకే మంచం మీద రెండు కాలాలు అని ఆయన జోకు. రక్తపోటుకి మాత్ర వేసుకుంటున్నాను, గుర్తున్న రోజు. ఎడమ దవడ లాగుతోందని మూడు నెలల కింద ఒక పన్ను పీకించుకున్నాను. పన్ను పోయింది గానీ నొప్పి పోలేదు. మా అమ్మ యాభై ఏడో ఏట, గ్యాస్ పట్టేసిందే అంటూ చాప మీద నడుం వాల్చి, మరి లేవలేదు. ఆమె చేతికి, కాలికి ఎవరూ ఒక్క వైరు తగిలించలేదు. నేను ఈ పని నేర్చుకున్నది ఆ తర్వాతే.

తలుపు తట్టిన చప్పుడైంది.

"ఏమే, గడియ పెట్టుకుని కాపురం చేస్తున్నావా లోపల?" పెద్దక్క గొంతు.

తీశాను. ఉతికిన దుప్పట్ల దొంతర గడ్డం దాకా మోసుకుంటూ వచ్చింది. దొంతర బల్ల మీద పడేసి, బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశానో. ఆ రోజే మొదటిసారి చూసినట్టుంది.

"ఏం, మొహం అలా పెట్టావు? మెకానిక్ ఏమన్నాడు?"

"చూశాడు. ఒకసారి పడుకో అక్కా, గీత తీసి చూద్దాం."

"నేనా?" మొహం వెలిగిపోయింది. "అడగకుండానే మంచం ఇస్తున్నావంటే ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో." చెప్పులు విడిచి, మంచం ఎక్కి, కొంగు పక్కకు తీసి, తనే చేతులు చాపింది.

మణికట్లకీ చీలమండలకీ వైర్లున్న పట్టకార్లు పెట్టాను. పక్కటెముకలు వేలితో లెక్కపెట్టుకుంటూ బుడ్డీలు అంటించాను. ఆమె పైకప్పు చూస్తూ కూతురి ఇంట్లో కుళాయి కారడం గురించి చెబుతూనే ఉంది. "మాట్లాడకు, గీత వణుకుతుంది" అన్నాను. వణికేది ఎవరో నాకు తెలుసు. మీట నొక్కాను.

కాగితం వచ్చింది. బుడిపె. సూది. గుంట.

ఎడమవైపు వరసలన్నిటిలోనూ గుట్ట ఉండాల్సిన చోట గుంట. ఆరు నెలలుగా నేను తిట్టిపోస్తున్న గుంటే.

ఆ క్షణంలో నా ఒళ్లంతా తేలికైపోయింది. నాది కాదు. నాది కాదు. దవడ నొప్పి పన్నుదే, ఆవిరి వయసుదే, నేను ఇంటికి పోతాను, మా ఆయన్ని రగ్గు గురించి ఏడిపిస్తాను. ఆపుకోలేక నా పెదాల మీదికి నవ్వు కూడా వచ్చింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పెద్దక్క నా నవ్వు చూసింది. "బాగుందా? బాగుపడిందా?" అని తనూ నవ్వింది.

"ఊఁ" అన్నాను.

ఎప్పటిలాగే చెయ్యి చాపి నా చేతిలో కాగితం లాక్కుంది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. నవ్వు పోయి కోపం వచ్చింది.

"ఏం బాగుందే, నీ మొహం! గుట్ట ఇంకా తిరగబడే ఉంది కదా. ఆ మెకానిక్ పొద్దున్నే వచ్చి ఏం ఊడబొడిచాడు? మెషీన్ ఎలా ఉన్నది అలానే ఉంది. ఇంకో ఫిర్యాదు పడెయ్యి."

నా నవ్వు ఆగిపోయింది.

"మెషీన్ బాగానే ఉంది అక్కా."

ఆమె కాగితం వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత తన ఛాతీ మీద అంటుకుని ఉన్న ఆరు బుడ్డీల వైపు చూసుకుంది, ఎవరో తనకి తెలియకుండా అక్కడ పెట్టినట్టు. పదిహేడేళ్లుగా వేలమంది ఆడవాళ్ల ఛాతీ మీద వాటిని పెట్టిన మనిషి. ఆఖరికి, "వీటిని తియ్యి చెల్లెమ్మా, చల్లగా ఉన్నాయి" అంది.

డాక్టరమ్మ గది నడవాకి ఆ చివర. చిన్నావిడ, మాట చురుకు. నేనే పరుగున పోయి పిలుచుకొచ్చాను. కాగితం చూస్తూనే పెద్దక్క మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ కూర్చుంటే విషయం ఉన్నట్టే. మామూలుగా నిలబడే చెప్పేసి పోతుంది.

"ఊపిరి ఆడటం లేదా?"

"ర్యాంపు ఎక్కితే కొంచెం. ఆ స్ట్రెచర్ తోసేటప్పుడు. ఆగితే తగ్గిపోద్ది."

"నొప్పి?"

"గుండెల్లో ఏం లేదమ్మా. వీపు మధ్యలో పట్టేస్తది, తడిగుడ్డలు పిండేటప్పుడు. వేడి ఆవిరి వస్తది. చెమటలు."

"ఎన్నాళ్లనుంచి?"

"చలికాలం ముందు నుంచి."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెల్లెమ్మకి చెప్పాను" అంది పెద్దక్క, నన్ను ఇరికిస్తున్నానని తెలియకుండానే. "వయసు మార్పు అక్కా, ఈ వయసు ఆడవాళ్లకి మామూలే, భయపడకు అంది. నాలుగు రోజులు మజ్జిగ తాగమంది."

డాక్టరమ్మ నన్ను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఆ మాట నేను పెద్దక్కకొక్కదానికేనా చెప్పాను? మంచం మీద పడుకుని కళ్లు పెద్దవి చేసి అడిగే ప్రతి యాభై ఏళ్ల మనిషికీ చెప్పాను. వయసు మార్పమ్మా. మామూలేనమ్మా. ధైర్యం చెబుతున్నాననుకున్నాను.

"చూడండి" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఈ గీత ఇలా ఉండటం చాలా చూస్తాం. చాలామందికి వెనకాల ఏమీ ఉండదు. కొంతమందికి రక్తనాళం మూసుకుపోతూ ఉంటుంది. ఈ ఒక్క కాగితం చూసి ఏదో చెప్పలేను. ఎప్పటినుంచో ఇలాగే ఉంటే ఒక దారి. ఈ ఆరు నెలల్లో మారుతూ వచ్చి ఉంటే అది వేరే దారి, అప్పుడు ఇవాళే పైకి పంపాలి. పాత ఇసిజి ఏదైనా ఉందా ఈమెది?"

ఉంది. పదిహేడేళ్లది ఉంది. నేను పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను.

ఆవిడ పేజీలు తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. "వీటిమీద పేర్లు లేవేం?"

"రాయలేదండి."

"ఇందులో ఈమెవి ఏవి?"

"సగం."

"మిగతా సగం?"

"నావి."

డాక్టరమ్మ ఆఖరి పేజీల దగ్గర ఆగింది, నేను ఆగిన చోటే. ఆ నెలంతా ఉన్న గుంటల మీద వేలు నడిపించింది. తర్వాత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. పేషంటుని చూసే చూపు అది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ చూపు నామీద పడటం అదే మొదలు.

"మీ వయసెంత?"

"యాభై రెండు."

"మీదీ ఒకటి తీయించుకోండి, ఇప్పుడే. అది పక్కన పెట్టుకుంటే ఈ పట్టీల్లో ఎవరివి ఏవో నేను విడదీసుకోగలను. ఈలోపు నేను నా గదికి వెళ్లి పై అంతస్తులో మంచం అడుగుతాను, చక్రాల కుర్చీ పంపిస్తాను. రక్తపరీక్షకి మనిషి వస్తారు." పెద్దక్క చేతిలో ఒక మాత్ర పెట్టి నమలమంది. "మీరు అడుగు తీసి అడుగు వెయ్యొద్దు. ఈ గది దాటొద్దు. అర్థమైందా?"

"అలాగేనమ్మా" అంది పెద్దక్క, మాత్ర చేదుకి మొహం చిట్లిస్తూ.

ఆవిడ వెళ్లిపోయింది. నేను మెషీన్ తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. కాగితం చుట్ట ఇంకా సగం ఉండగానే కొత్తది వేశాను. బయట పేషంట్లు ఎంతమంది వచ్చారో తలుపు సందులోంచి లెక్కపెట్టాను. జిగురు సీసా చేతిలోనే పెట్టుకుని జిగురు కోసం వెతికాను.

పెద్దక్క మంచం దిగి, స్టూలు మీదికి మారి నన్నే చూస్తోంది.

"ఏమే. జాకెట్టు విప్పడానికి అరగంటా అని ఊళ్లోవాళ్లందరినీ కసురుతావు కదా. ఇప్పుడు నీకేమైంది?"

"ఉండక్కా. బయట జనం ఉన్నారు. వాళ్లవి తీశాక తీయించుకుంటాలే."

"పడుకో."

"రేపు పొద్దున..."

"పడుకోవే" అంది. కసిరినట్టు లేదు. చంటిపిల్లని నిద్రపుచ్చేటప్పుడు అన్నట్టుంది.

పడుకున్నాను. ఆమె వెచ్చదనం ఇంకా దుప్పటి మీద ఉంది. ఆమెకి నాలుగడుగులు కూడా నడిచే పని లేకుండా మెషీన్ బల్లను ముందే స్టూలు పక్కకి లాగి పెట్టాను. ఆమె కూర్చున్న చోటు నుంచే పట్టకార్లు పెట్టింది, చేతులకి, తర్వాత ముందుకి వంగి కాళ్లకి. వంగినప్పుడు ఊపిరి బరువుగా వచ్చింది. నా పక్కటెముకల మీద ఆమె వేళ్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని దిగాయి. చదువు రాని ఆ వేళ్లకి చోటు ఎప్పుడూ తప్పదు. ఒక్కో బుడ్డీ అంటుకుంటుంటే చర్మం లోపలికి లాగినట్టయింది.

భయమంటే ఏంటో నాకు తెలుసనుకున్నాను. ఈ మంచం మీద వేలమందిలో చూశాను కదా. ఏమీ తెలియదు. ఇటువైపు నుంచి చూస్తే ఆ గది గదిలానే లేదు. పైకప్పు ఎత్తుగా ఉంది, తలుపు దూరంగా ఉంది. నా గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంటే, కొట్టుకున్న ప్రతిసారీ ఇంకోసారి కొట్టుకుంటుందా అని ఎదురుచూశాను. మా అమ్మకి ఆ చాప మీద ఇలాగే వినపడిందా? ఎవరినైనా పిలవాలనుకుందా? నాకు చావాలని లేదు. అంతకుమించి గొప్ప ఆలోచన ఏదీ రాలేదు. చావాలని లేదు, చావాలని లేదు అని ఊరికే అనుకుంటూ ఉన్నాను.

"కదలకు" అంది పెద్దక్క. మీట నొక్కింది.

మెషీన్ సన్నగా గీసుకుంటూ పోయింది. కాగితం నా తలకి అవతలి పక్క నుంచి వస్తుంది, పడుకున్నవాళ్లకి కనపడదు. అలా పెట్టించింది నేనే, పేషంట్లు చూసి కంగారు పడతారని. నేను పెద్దక్క మొహం చూశాను. ఆమె కాగితం చూస్తోంది. వరస వెంట వరస చూస్తోంది. చప్పుడు ఆగిపోయింది. ఆమె కాగితం చింపలేదు.



"చెప్పక్కా" అన్నాను.

ఆమె నా చేతిని వెతికి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా ఉంది.

"చెల్లెమ్మా, నీదీ నాలాగే ఉందే."

ఆ నెల రోజులూ వంతులేసుకుని ఇద్దరమూ పడుకున్నామని అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పడుకున్నది నేను. నిన్నటి రోజంతా నాకు తేటగా గుర్తొచ్చింది, ఆమె కాళ్లు పీకుతున్నాయంటే కూడా నేనే ముందు ఎక్కి పడుకున్నాను. ఎడమ దవడ మళ్లీ లాగడం మొదలైంది. ఇప్పుడు దానికి ఏ పన్నునీ సాకు చెప్పలేకపోయాను.

లేవబోయాను. భుజం పట్టి వెనక్కి నొక్కింది. "లేవకు. లేచావంటే చంపేస్తా. నేను పోయి డాక్టరమ్మని పిలుచుకొస్తా."

"నువ్వు అడుగు వెయ్యకూడదంది కదా! కూర్చో. నేను వెళ్తా."

"నువ్వు మాత్రం ఎట్టా పోతావే, ఈ గీత పెట్టుకుని?"

"నీ గీత కూడా ఇదేగా!"

"నాకు మాత్ర ఇచ్చింది. నీకివ్వలేదు. పడుకో."

ఆమె స్టూలు మీద నుంచి సగం లేచింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. నా ఒంటి మీది వైర్లు బిగుసుకున్నాయి, ఒక బుడ్డీ ఊడి కింద పడింది. ఆమె లేస్తే నేను లేస్తానని తెలిసి కూర్చుండిపోయింది. నేను లేస్తే ఆమె లేస్తుందని నేనూ కదల్లేదు. చక్రాల కుర్చీ జాడ లేదు. ఇద్దరికీ ఏడుపొచ్చింది. అప్పుడు పెద్దక్క తలుపు వైపు తిరిగి, ఆయాసపడుతూనే గొంతెత్తి, "బయట ఎవరమ్మా? ఎవరో ఒకరు లోపలికి రండి!" అని అరిచింది.

తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. వరసలో మొదట కూర్చున్న ఆవిడే అయ్యుంటుంది, చీటీ చేతిలో ఉంది. యాభై దాటిన మనిషి. మెడ మీద చెమట, చీటీతోనే విసురుకుంటోంది. మంచం మీద నన్ను, స్టూలు మీద పెద్దక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నన్ను పిలిచారా? నా వంతు వచ్చిందా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ నడవాకి ఆ చివర గదిలో డాక్టరమ్మ ఉన్నారు. ఇద్దరికీ ఒకేలా ఉందని చెప్పు. వెంటనే రమ్మను. పరిగెత్తమ్మా."

ఆవిడ చీటీ జారవిడిచి వెనక్కి తిరిగింది. అప్పుడు చూశాను, ఆవిడ ఎడమ చెయ్యి వీపు మధ్యకి పోయి అక్కడ నొక్కుకుంటోంది.

"ఆగు, ఆగు! పరిగెత్తకు" అని అరిచాను. "నడిచే వెళ్లు తల్లీ. కానీ తొందరగా వెళ్లు."